ఆపి చూసే విద్య: ఆర్థర్ హార్విచ్ ప్రయోగాల తీరు

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో 1987లో ఆర్థర్ హార్విచ్ ప్రయోగశాలకు ఒక వింత ఈస్ట్ చిక్కింది. చల్లగా ఉన్నంతసేపు మిగతా ఈస్ట్‌లాగే పెరుగుతుంది. 37 డిగ్రీల వేడిలో పెడితే చచ్చిపోతుంది. వేడికి చచ్చే ఈస్ట్ రకాలు జన్యుశాస్త్రవేత్తల దగ్గర వందలకొద్దీ ఉంటాయి కాబట్టి అందులో విశేషం లేదు. విశేషమంతా చావుకు ముందు కణం లోపల జరుగుతున్న దాంట్లో ఉంది. ప్రొటీన్ గొలుసు తయారవుతోంది. చేరవలసిన చోటికి చేరుతోంది. అక్కడ తీసేయవలసిన ముక్క కత్తిరింపు కూడా అవుతోంది. ఇంత జరిగీ ఆ ప్రొటీన్ పని చేయడం లేదు. గొలుసు ఉంది, దానికి ఆకారం రాలేదు.

ఆకారం దానంతటదే వస్తుందన్నది అప్పటి పాఠ్యపుస్తకాల మాట. కణంలో ఎన్నో ప్రొటీన్లకు అది మరొకరి సాయం ఉంటే తప్ప రాదని ఈ ఈస్ట్ చూపించింది. ఆ పనికి హార్విచ్‌కూ, ఆయనతో కలిసి పని చేసిన జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంజ్ ఉల్రిచ్ హార్ట్ల్‌కూ 2004లో గేర్డ్‌నర్, 2011లో లాస్కర్ పురస్కారాలు వచ్చాయి. ఫలితం సంగతి ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో ఎలాగూ ఉంది. ఇక్కడ చెప్పదలచుకున్నది ఆ పని నడిచిన తీరు గురించి.

హార్విచ్ పద్ధతి స్థూలంగా ఇది: ఒక యంత్రం ఏం చేస్తుందో తెలియాలంటే అందులో ఒకే ఒక్క భాగాన్ని చెడగొట్టి, అది ఎక్కడ ఆగిపోయిందో చూడాలి. వినడానికి తేలిక. ఏ భాగాన్ని చెడగొట్టాలి, ఎంతవరకు చెడగొట్టాలి, ఆగిందో లేదో దేనితో కనిపెట్టాలి అన్న దగ్గరే పనివాడి నేర్పు తెలుస్తుంది. ముప్పై ఏళ్ల పాటు ఆయన ఈ ఒక్క విద్యనే సాన పట్టారు.

గొలుసు, ఆకారం

ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలు వరసగా అతుక్కున్న గొలుసు. ఉన్నవి ఇరవై రకాలు. ఏది ఏ వరసలో రావాలో జన్యువులో రాసి ఉంటుంది. కణంలోని రైబోజోములు ఆ రాతను చదువుతూ గొలుసు అల్లుతాయి. బ్యాక్టీరియాలో ఈ అల్లిక సెకనుకు పదిహేను, ఇరవై అమైనో ఆమ్లాల వేగంతో సాగుతుంది. గొలుసుగా ఉన్నంతసేపు ప్రొటీన్ ఎందుకూ కొరగాదు. తనలో తాను మడతపడి, మెలితిరిగి, తనకంటూ ఉన్న ఒక ఆకారంలో కుదురుకున్నాకే అది ఎంజైమ్‌గానో, కండరంలో పోగుగానో, ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌గానో పనిలోకి దిగుతుంది.

ఎలా మడతపడాలో గొలుసుకు ఎవరు చెబుతారు? దీనికి క్రిస్టియన్ అన్‌ఫిన్‌సెన్ చెప్పిన జవాబు జీవరసాయన శాస్త్రంలో గొప్ప ప్రయోగాలలో ఒకటి. 124 అమైనో ఆమ్లాలున్న రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌ను ఆయన యూరియాతో విప్పేశారు, దానిలోని నాలుగు గంధకపు బంధాలనూ తెంచేశారు. తర్వాత యూరియాను, బంధాలు తెంచిన రసాయనాన్ని తొలగించి గాలి తగలనిస్తే గొలుసు మళ్లీ పాత ఆకారంలోకి వచ్చి పని మొదలుపెట్టింది. ఎనిమిది గంధకపు కొసలు రెండేసి చొప్పున జతకట్టడానికి 105 మార్గాలున్నాయి. గొలుసు వాటిలో సరైన ఒక్కదాన్నే పట్టుకుంది. కావలసిన సమాచారమంతా గొలుసు వరసలోనే ఉందని తేలింది. 1972లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ జవాబులో తప్పు లేదు. అయితే అన్‌ఫిన్‌సెన్ పరీక్షనాళికలో ఉన్నది ఒకే రకం ప్రొటీన్, పలచటి ద్రావణం, కావలసినంత తీరిక. కణంలో ఈ మూడూ ఉండవు. ఈ. కోలై బ్యాక్టీరియా లోపల లీటరుకు 300 నుంచి 400 గ్రాముల లెక్కన పెద్ద అణువులు కిక్కిరిసి ఉంటాయి. మడతపడిన ప్రొటీన్‌లో నీరు గిట్టని భాగాలు లోపలికి దాగి ఉంటాయి. ఇంకా మడతపడని గొలుసులో అవి బయటికి కనిపిస్తుంటాయి. రెండు గొలుసులలోని అలాంటి భాగాలు ఎదురుపడితే అతుక్కుపోతాయి. కోడిగుడ్డు ఉడికించినప్పుడు తెల్లసొన గడ్డకట్టేది ఇందువల్లే. వేడికి విప్పుకున్న ప్రొటీన్లు ఒకదానికొకటి చిక్కుపడిపోతాయి, ఎంత చల్లార్చినా మళ్లీ సొన కావు. మరి అంత ఇరుకులో నిరంతరం వేల గొలుసులు పుడుతున్నా కణం గడ్డకట్టదేం? హార్విచ్ ఈస్ట్ అందించింది ఈ ప్రశ్నకు జవాబు.

పిల్లల డాక్టరు ఎంచుకున్న ఎంజైమ్

1951లో పుట్టిన హార్విచ్ బ్రౌన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివారు. యేల్‌లో పిల్లల వైద్యంలో శిక్షణ పొందారు. ఆ తర్వాత శాల్క్ సంస్థలో కణితులను పుట్టించే వైరస్‌ల మీద పని చేసి, మళ్లీ యేల్‌కే వచ్చి జన్యుశాస్త్ర విభాగంలో లియాన్ రోజెన్‌బర్గ్ దగ్గర చేరారు. అక్కడ ఆయన చేతికి వచ్చిన ఎంజైమ్ ఆర్నిథీన్ ట్రాన్స్‌కార్బమైలేజ్, పొట్టిగా ఓటీసీ. కాలేయంలో అమ్మోనియాను యూరియాగా మార్చే పనిలో దీనిదొక మెట్టు. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అది లోపించిన మగశిశువులకు పుట్టిన కొద్ది రోజులకే ఒంట్లో అమ్మోనియా పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. పిల్లల డాక్టరుకు ఈ ఎంజైమ్ మీద ఆసక్తి కలగడం సహజం. 1984లో హార్విచ్, ఆయన సహచరులు మనిషి ఓటీసీ జన్యువు నకలును వేరుచేసి, దాని వరసను ప్రచురించారు.

జబ్బు కోసం ఎంచుకున్న ఈ ఎంజైమ్ అనుకోకుండా గొప్ప పనిముట్టు అయింది. ఎందుకో కాస్త నిదానంగా చూడాలి. తర్వాతి కథంతా దీని మీదే నిలబడింది.

ఓటీసీ తయారయ్యేది కణద్రవంలో, పని చేసేది మైటోకాండ్రియా లోపల. మైటోకాండ్రియా పొరలను దాటాలంటే ప్రొటీన్ విప్పుకున్న గొలుసుగానే దూరాలి. అంటే లోపలికి వచ్చిన ప్రతి ఓటీసీ అణువూ అక్కడ కొత్తగా మడతపడవలసిందే. ఇది మొదటి సంగతి. రెండోది, గొలుసు మొదట్లో 32 అమైనో ఆమ్లాల అదనపు ముక్క ఒకటి ఉంటుంది. మైటోకాండ్రియాకు వెళ్లవలసిన సరుకు అని చెప్పే గుర్తు అది. లోపలికి చేరగానే అక్కడి ఎంజైమ్‌లు దాన్ని కత్తిరించేస్తాయి. కాబట్టి గొలుసు పొడవు కొలిస్తే చాలు, లోపలికి చేరిందో లేదో తెలిసిపోతుంది. మూడోది, ఒక్క గొలుసు మడతపడినంత మాత్రాన ఓటీసీ పని చేయదు. మూడు గొలుసులు సరిగ్గా మడతపడి, ఒకదానితో ఒకటి జతకూడితేనే అది ఎంజైమ్ అవుతుంది.

దారిలో ఎంతవరకు వచ్చిందో పొడవు చెబుతుంది, ఆకారం వచ్చిందో లేదో చురుకుదనం చెబుతుంది. ఒకే ప్రొటీన్‌లో రెండు వేర్వేరు కొలతలు. ఇంత అనువైన ప్రొటీన్ మరొకటి దొరకడం కష్టం.

ఉండకూడని ఈస్ట్

హార్విచ్ బృందం మొదట వెతికింది మడతల కోసం కాదు. ప్రొటీన్లు మైటోకాండ్రియాలోకి ఎలా దూరతాయన్నది వాళ్ల ప్రశ్న. ఈస్ట్‌కు సొంత ఓటీసీ ఉంటుంది గానీ అది కణద్రవంలోనే ఉంటుంది. ఆ జన్యువును తీసేసి మనిషి ఓటీసీ జన్యువును పెడితే, మనిషి ఎంజైమ్ ఈస్ట్ మైటోకాండ్రియాలోకి వెళ్లి చక్కగా పని చేసింది. ఇక వేడికి చచ్చే ఈస్ట్ రకాలను ఒక్కొక్కటిగా తీసుకోవడం, 37 డిగ్రీలకు మార్చడం, అప్పుడు ఓటీసీ జన్యువును పనిలో పెట్టడం, కాసేపయ్యాక ఎంజైమ్ చురుకుదనం కొలవడం. చురుకుదనం లేకపోతే గొలుసు పొడవు చూడటం. పొడుగ్గానే ఉంటే లోపలికి దూరలేదన్నమాట, అంటే ద్వారానికి సంబంధించిన జన్యువు ఏదో చెడిందన్నమాట.

ఈ గాలింపు మధ్యలో హార్విచ్, ఆయన ప్రయోగశాలలోని మింగ్ చెంగ్ మరో సంగతి ఆలోచించారు. గొలుసు పొట్టిగా ఉండి, అంటే లోపలికి చేరి కూడా, చురుకుదనం లేని ఈస్ట్ ఉంటుందా? అన్‌ఫిన్‌సెన్ ప్రకారం ఉండకూడదు. లోపలికి చేరిన గొలుసు తనంతట తాను మడతపడితే, ఏ జన్యువు చెడినా ఆ మెట్టు ఆగదు. చాలామంది ఇక్కడే ఆ ఆలోచనను పక్కన పెట్టి ఉండేవాళ్లు. వీళ్లు అలాంటి ఈస్ట్ ఉందేమో చూశారు. ఉంది. దానికి మిఫ్‌4 అని పేరు పెట్టారు.

ఇలాంటిది దొరకగానే ఎవరికైనా మొదట వచ్చే అనుమానం, వేడికి మైటోకాండ్రియా మొత్తం పాడైందేమోనని. పాడైన మైటోకాండ్రియా ప్రొటీన్లను లోపలికి లాగలేదు, కత్తిరించలేదు. మిఫ్‌4 ఈ రెండూ చేస్తోంది. రెండో అనుమానం, మనిషి ప్రొటీన్ పరాయిది కాబట్టి ఈస్ట్‌లో కుదరడం లేదేమోనని. ఈస్ట్ సొంత ప్రొటీన్లను, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులను తయారుచేసే యంత్రంలోని ఒక భాగంతో సహా, పరీక్షించారు. అవి కూడా లోపలికి చేరి జతకూడకుండానే ఉండిపోయాయి. చెడింది ఏదో ఒక ప్రొటీన్‌కు సంబంధించినది కాదని, అందరికీ అవసరమైనదేదో చెడిందని రూఢి అయింది.

ఏ జన్యువును తిరిగి ఇస్తే మిఫ్‌4 బతుకుతుందో వెతికితే హెచ్‌ఎస్‌పీ60 దొరికింది. వేడి తగిలినప్పుడు కణంలో ఎక్కువగా తయారయ్యే ఈ మైటోకాండ్రియా ప్రొటీన్‌ను రిచర్డ్ హాల్‌బర్గ్ అప్పటికే గుర్తించి ఉన్నారు. దానికి బంధువులు మరో రెండు చోట్ల ఉన్నారు. 1970ల మొదట్లో కోస్టా జార్జోపౌలోస్, మరికొందరు ఈ. కోలైలో ఒక జన్యువును పట్టుకున్నారు. అది చెడితే బ్యాక్టీరియాలో వైరస్‌ల తలలు కట్టుకోవు. అదే గ్రోఈఎల్. మొక్కల హరితరేణువుల్లో రుబిస్కో ఎంజైమ్ భాగాలను అంటిపెట్టుకుని ఉండే ప్రొటీన్‌ను జాన్ ఎల్లిస్ గమనించారు. ఈ రెండూ ఒకే కుటుంబమని 1988లో తేలింది. బ్యాక్టీరియా, మొక్క, ఈస్ట్ మూడూ ఒకే మాట చెబుతున్నాయన్నమాట. మిఫ్‌4 కథ 1989లో నేచర్ పత్రికలో అచ్చయింది.

మూడింటి నుంచి ఒకదానికి

ఆ వ్యాసంలో ఒక సందు మిగిలింది, దాన్ని ముందుగా చూసింది రాసినవాళ్లే. ఓటీసీ పని చేయాలంటే మడతపడటం, జతకూడటం రెండూ జరగాలి. హెచ్‌ఎస్‌పీ60 లేనప్పుడు ఆగిపోయింది ఏది? గొలుసులు ఎవరికి వారు చక్కగా మడతపడి, కలవడం మాత్రమే ఆగిందని ఎవరైనా అనొచ్చు.

ఈ సందును పూడ్చిన ప్రయోగం మ్యూనిక్‌లో వాల్టర్ నాయ్‌పర్ట్ ప్రయోగశాలలో హార్ట్ల్ తదితరులతో కలిసి జరిగింది. 1989లోనే అదీ నేచర్‌లో వచ్చింది. జతకూడవలసిన అవసరమే లేని ప్రొటీన్‌ను ఎంచుకోవడం అందులోని తెలివి. డీహెచ్‌ఎఫ్‌ఆర్ అనే ఎంజైమ్‌ది ఒకటే గొలుసు. మడతపడితే పూర్తయినట్టే. పైగా అది మడతపడితే ప్రొటీన్లను నరికే ఎంజైమ్‌లకు లొంగదు, విప్పుకుని ఉంటే క్షణాల్లో ముక్కలైపోతుంది. దానికి మైటోకాండ్రియా గుర్తును తగిలించి లోపలికి పంపారు. ఏటీపీ అందకుండా చేస్తే అది హెచ్‌ఎస్‌పీ60ని అంటిపెట్టుకునే ఉంది, నరికే ఎంజైమ్‌కు లొంగింది. ఏటీపీ ఇవ్వగానే విడివడి, నరకడానికి లొంగని ఆకారంలోకి వచ్చింది. ఒకే గొలుసు కాబట్టి జతకూడటమన్న మాటే లేదు. ఇక మిగిలింది మడతే.

వెంటనే మరో ప్రశ్న తలెత్తుతుంది. హెచ్‌ఎస్‌పీ60 కూడా ప్రొటీనే కదా, దాన్ని ఎవరు మడతపెడతారు? చెంగ్, హార్ట్ల్, హార్విచ్ 1990లో దీనికీ జవాబు ప్రచురించారు. కొత్తగా లోపలికి వచ్చిన హెచ్‌ఎస్‌పీ60 గొలుసులు జతకూడాలంటే అక్కడ ముందే పని చేస్తున్న హెచ్‌ఎస్‌పీ60 ఉండాలి. ఈ యంత్రాన్ని తయారు చేయడానికి ఇదే యంత్రం కావాలి. కణం విభజన పొందినప్పుడు పిల్లకణానికి జన్యువులతో పాటు పని చేస్తున్న హెచ్‌ఎస్‌పీ60 కూడా వారసత్వంగా అందవలసిందే.

గిన్నెల లోపల

ఈస్ట్ అడిగిన ప్రశ్నకు తర్వాతి జవాబు బ్యాక్టీరియా నుంచి వచ్చింది. గ్రోఈఎల్‌ను కావలసినంత శుద్ధి చేసుకోవచ్చు, పరీక్షనాళికలో పని చేయించవచ్చు. జార్జ్ లోరిమర్ బృందం 1989లోనే గ్రోఈఎల్, దాని తోడు ప్రొటీన్ గ్రోఈఎస్, ఏటీపీ కలిపి రుబిస్కోను మడతపెట్టించింది. ఇక తెలియవలసింది అది ఎలా జరుగుతుందన్నది.

యేల్‌లోనే ఉన్న స్ఫటిక శాస్త్రవేత్త పాల్ సిగ్లర్‌తో కలిసి హార్విచ్ బృందం 1994లో గ్రోఈఎల్ ఆకారాన్ని బయటపెట్టింది. అడుగులు ఆనించి పెట్టిన రెండు గిన్నెలలా ఉంటుంది. ఒక్కో గిన్నె ఏడు ఒకేలాంటి ప్రొటీన్ల వలయం. మొత్తం పద్నాలుగు. సుమారు 14.6 నానోమీటర్ల ఎత్తు, 13.7 నానోమీటర్ల వెడల్పు. లోపలి ఖాళీ 4.5 నానోమీటర్లు. పైన మూతి దగ్గరుండే భాగం గొలుసును పట్టుకునేది. కింద రెండు వలయాలు ఆనుకునే భాగంలో ఏటీపీ కూర్చుంటుంది. మధ్యలో సన్నటి భాగం ఈ రెంటినీ మడతబందులా కలుపుతుంది.

చాలామందికి ఆ ఆకారం దొరకడంతో పని పూర్తయినట్టు. హార్విచ్‌కు అక్కడే మొదలైంది. అదే ఏడాది ఆయన, వేన్ ఫెంటన్ తదితరులు గ్రోఈఎల్‌లో ఒక్కో అమైనో ఆమ్లాన్ని మారుస్తూ పోయారు. మూతి దగ్గర, ఖాళీ వైపు తిరిగి ఉన్న నీరు గిట్టని అమైనో ఆమ్లాల స్థానంలో నీరు ఇష్టపడేవి పెడితే గ్రోఈఎల్ గొలుసును పట్టుకోవడం మానేసింది. విప్పుకున్న గొలుసులో బయటపడి ఉండేవీ నీరు గిట్టని భాగాలే కాబట్టి ఈ ఫలితం ఊహకు అందేదే. దాని పక్కనున్న మరో ఫలితం ఊహించనిది. గొలుసును పట్టుకునే ఆ అమైనో ఆమ్లాలలో దాదాపు అన్నీ, మూతలా వచ్చి కూర్చునే గ్రోఈఎస్‌ను పట్టుకోవడానికి కూడా అవసరమే. ఒకే చోటు ఇద్దరికి. మూత వస్తే గొలుసు పట్టు వదలాలి. మూడేళ్ల తర్వాత స్ఫటికంలో కంటికి కనబడిన కదలిక అంతా ఈ ఒక్క పట్టికలో అప్పటికే దాగి ఉంది.

1997లో సిగ్లర్, హార్విచ్, జావోహుయి షు మూత పెట్టిన రూపాన్ని ప్రచురించారు. మూత కూర్చున్న వైపు మూతి భాగాలు 60 డిగ్రీలు పైకి లేచి, 90 డిగ్రీలు పక్కకు మెలితిరిగాయి. లోపలి ఖాళీ రెట్టింపైంది. నీరు గిట్టని అమైనో ఆమ్లాలు కొన్ని మూతకు అతుక్కుని, కొన్ని పక్క ప్రొటీన్ల వైపు తిరిగి, ఖాళీ లోంచి తప్పుకున్నాయి. వాటి చోట నీరు ఇష్టపడే గోడ వచ్చింది. గొలుసును పట్టుకున్న గోడే దాన్ని వదిలేసి, తన స్వభావం మార్చుకుంది.

ఉచ్చు, ఒంటి వలయం, నెమ్మది గడియారం

స్ఫటికం ఒక క్షణాన్నే చూపిస్తుంది. యంత్రం తిరుగుతున్నప్పుడు ఏది ముందు, ఏది వెనక అని అది చెప్పదు. ఒక్కో విడత పదేసి సెకన్లలో ముగిసిపోయే ఈ యంత్రాన్ని మెట్టుమెట్టుకూ ఆపడానికి హార్విచ్ బృందం చేసిన మూడు చెడగొట్టుడు పనులు నా దృష్టిలో ఈ పరిశోధనలోకెల్లా అందమైనవి.

మొదటిది ఉచ్చు. 1994లో జొనాథన్ వైస్‌మన్, హార్విచ్ తదితరులు ఒక ప్రశ్న వేసుకున్నారు. లోపలికి వెళ్లిన గొలుసు పూర్తిగా మడతపడేదాకా అక్కడే ఉంటుందా, మధ్యలో బయటికి వచ్చి మళ్లీ వెళ్తుందా? బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కాసేపటికి చురుకైన ప్రొటీన్ వస్తుంది, అంతే. రెంటినీ విడదీయడానికి గొలుసును పట్టుకునేదే తప్ప వదలని గ్రోఈఎల్‌ను తయారు చేశారు. మంచి గ్రోఈఎల్ పట్టుకుని ఉన్న గొలుసులకు ఏటీపీ, మూత ఇస్తూ, ద్రావణంలో ఈ ఉచ్చును దండిగా కలిపారు. గొలుసు లోపలే పూర్తయ్యేదైతే ఉచ్చుకు ఏమీ చిక్కకూడదు. చిక్కింది, అదీ త్వరత్వరగా. మడత పూర్తయ్యేలోపే ఎక్కువ గొలుసులు బయటికి వస్తున్నాయి. ఒక్కో విడతలో గట్టెక్కేవి కొన్నే. మిగిలినవి మళ్లీ మళ్లీ ప్రయత్నించాలి. ఎక్కువసార్లు విఫలమయ్యే ఈ యంత్రం లేకపోతే ఈ. కోలై బతకదు.

రెండోది ఒంటి వలయం. గొలుసు మూత కింద, గిన్నె లోపలే మడతపడుతుందా, లేక బయటికి వచ్చాక మడతపడుతుందా? మూత తెరుచుకోవాలంటే అవతలి వలయం నుంచి సంకేతం రావాలని వాళ్లకు అనుమానం. అయితే అవతలి వలయమే లేకపోతే? రెండు వలయాలు ఆనుకునే చోట నాలుగు అమైనో ఆమ్లాలను మార్చి, విడిగా నిలిచే ఒంటి వలయాన్ని చేశారు. దానికి గొలుసును పట్టించి మూత పెడితే ఇక తెరుచుకునే మార్గం లేదు. 1996లో ఇందులో సరిగ్గా మడతపడితేనే వెలిగే ఆకుపచ్చ ప్రొటీన్‌ను బంధించి చూశారు. మూసిన మూత కిందే అది వెలిగింది. మడత జరిగే చోటు ఏదన్న వాదం దాంతో చాలావరకు తీరిపోయింది.

మూడోది నెమ్మది గడియారం. ఏటీపీని యంత్రం దేనికి ఖర్చు చేస్తోంది? గొలుసును బలవంతంగా మడవడానికి అని ఊహించడం తేలిక. 1997లో హేస్ రై, హార్విచ్ తదితరులు 398వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం బదులు అలనిన్ పెట్టారు. ఈ గ్రోఈఎల్ ఏటీపీని మామూలుగానే పట్టుకుంటుంది, దాన్ని విరగ్గొట్టడంలో మాత్రం మామూలు వేగంలో నూటికి రెండు వంతులే. దాంతో పట్టుకోవడం, విరగ్గొట్టడం అన్న రెండు పనులూ విడిపోయాయి. తేలిందేమంటే, ఏటీపీ వచ్చి కూర్చోవడంతోనే మూత పడుతుంది, గొలుసు గోడను వదులుతుంది, మడత మొదలవుతుంది. విరగ్గొట్టడం మూత పట్టును సడలించడానికి. ఆ తర్వాత అవతలి వలయంలో ఏటీపీ కూర్చుంటే మూత ఎగిరిపోతుంది. ఒక విడతకు ఏడు ఏటీపీలు. వాటితో కణం కొనుక్కునేది సమయం. మూత ఎంతసేపు మూసి ఉండాలో చెప్పే గడువు అది.

మూడింటిలోనూ పద్ధతి ఒకటే. ఉచ్చులో వదలడం ఆగింది. ఒంటి వలయంలో తెరుచుకోవడం ఆగింది. నెమ్మది గడియారంలో విరగ్గొట్టడం ఆగింది. ప్రతిసారీ ఒక్కటే ఆగింది, మిగతావన్నీ నడుస్తున్నాయి. అందుకే ఫలితాన్ని రెండో విధంగా చదవడానికి వీల్లేకపోయింది.

తన యంత్రానికి తానే తగ్గింపు

ఇంత శ్రమపడి ఒక యంత్రాన్ని వెలికితీసినవారు దానికి లేని గొప్పలు అంటగట్టడం మానవ సహజం. హార్విచ్ అందుకు విరుద్ధంగా వాదించారు. ఆయన లెక్కలో ఆ గిన్నె గొలుసుకు ఎలా మడతపడాలో ఏమీ నేర్పదు. ఇచ్చేది ఏకాంతం ఒక్కటే. మరో గొలుసుతో చిక్కుపడకుండా కాసేపు ఒంటరిగా ఉండనిస్తే అన్‌ఫిన్‌సెన్ చెప్పినట్టే వరస తన పని తాను చేసుకుపోతుంది. అలా చూస్తే 1989 నాటి ఫలితం అన్‌ఫిన్‌సెన్‌ను కాదనలేదు, ఆయన పలచటి పరీక్షనాళికను కణం ఎలా సంపాదించుకుందో చెప్పింది.

దీన్ని అందరూ ఒప్పుకోలేదు. మ్యూనిక్ దగ్గర మార్టిన్స్‌రీడ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో హార్ట్ల్ బృందం కొన్ని ప్రొటీన్లు బయట ద్రావణంలో కన్నా గిన్నె లోపల వేగంగా మడతపడుతున్నాయని కొలిచింది. గోడలు, ఇరుకు కలిసి గొలుసుకు చురుగ్గా సాయపడుతున్నాయని వాళ్ల వాదన. దీనికి హార్విచ్, ఏడ్రియన్ అపెట్రీ 2008లో ఇచ్చిన జవాబు కూడా ఆపి చూసే బాపతే. లోపలి వేగాన్ని ప్రశ్నించకుండా బయటి వేగాన్ని పరీక్షకు పెట్టారు. బయట మడత నెమ్మదించడానికి కారణం అక్కడ గొలుసులు కాసేపు గుంపుకట్టడమేనేమో? ద్రావణం మీద కాంతి వేసి అది చెదిరే తీరు చూస్తే గుంపులు నిజంగానే కనబడ్డాయి. గుంపులు కట్టని పరిస్థితి కల్పిస్తే లోపలా బయటా వేగం ఒకటే అయింది. 2010లో హార్ట్ల్ బృందం మరిన్ని కొలతలతో బదులిచ్చింది. వాదం ఏదో ఒక ప్రొటీన్ దగ్గర ముగిసేది కాదు. వేర్వేరు గొలుసుల అవసరాలు వేరు కావచ్చు. ఒకప్పుడు కలిసి పని చేసిన ఇద్దరు, పురస్కారాలు పంచుకున్న ఇద్దరు, ఇంత కాలం ఇంత మర్యాదగా, కొలతలతోనే పోట్లాడుకోవడం చూడముచ్చటగా ఉంటుంది.

ఏ గొలుసులకు ఈ గిన్నె కావాలో లెక్క తీసినవారిలో హార్ట్ల్ బృందం ముఖ్యమైనది. 2005లో వాళ్లు చెప్పిన ప్రకారం ఈ. కోలైలో 250 దాకా ప్రొటీన్లు గ్రోఈఎల్‌ను ఆశ్రయిస్తాయి. అందులో 85 దాకా అది లేనిదే గట్టెక్కవు. మిగతా వేల ప్రొటీన్లు తమంతట తామో, వేరే సహాయకుల చేతుల మీదుగానో ఆకారంలోకి వస్తాయి.

హైదరాబాద్ పరిశోధనలు

ఈ సహాయక ప్రొటీన్ల చరిత్రలో హైదరాబాద్‌కూ చోటుంది. కంటి కటకంలో నిండి ఉండే ఆల్ఫా క్రిస్టలిన్, చెడిపోతున్న ప్రొటీన్లను పట్టుకుని గడ్డకట్టకుండా కాపాడుతుందని 1992లో అమెరికాలో జోసెఫ్ హార్విట్జ్ చూపించారు. అది ఎలా పట్టుకుంటుంది, వేడి పెరిగితే దాని ఉపరితలం ఎలా మారుతుంది అన్న దానిపై హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో మోహన్‌రావు బృందం 1990ల నుంచి విస్తారంగా పని చేసింది. ఆల్ఫా క్రిస్టలిన్‌కు గిన్నె లేదు, మూత లేదు, ఏటీపీ అక్కర్లేదు. పట్టుకుని ఉంచడమే దాని పని. కటకంలోని ప్రొటీన్లు జీవితాంతం మారకుండా ఉండాలి కాబట్టి అక్కడ అంత మాత్రం సాయం ఎంతో విలువైనది. అది చాలనినాడు కటకం తెల్లబడి శుక్లం వస్తుంది.

హైదరాబాద్‌లోనే మరో పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో ఉన్నప్పుడు శేఖర్ మాండే, ఆయన విద్యార్థులు క్షయ బ్యాక్టీరియా వైపు చూశారు. దానికి ఒకటి కాదు, రెండు గ్రోఈఎల్‌లు. వాటిలో ఒకదాని స్ఫటిక రూపాన్ని 2004లో ప్రచురించారు. అందులో పద్నాలుగు భాగాల జోడు వలయం కనబడలేదు, ఇద్దరిద్దరుగా జతకట్టిన ప్రొటీన్లు కనబడ్డాయి. ఈ. కోలైలో చూసిందే లోకమంతా అనుకోవద్దని ఆ ఫలితం చేసిన హెచ్చరిక.

ఎక్కడ మొదలుపెట్టాలి

2024లో రసాయన శాస్త్రపు నోబెల్‌లో సగం, వరసను బట్టి ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్‌ను రూపొందించిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు వచ్చింది. దాంతో మడతల ప్రశ్న ముగిసిపోయిందని అనుకునేవాళ్లున్నారు. ఆల్ఫాఫోల్డ్ చెప్పేది గొలుసు చివరికి చేరే ఆకారం. కిక్కిరిసిన కణంలో అది అక్కడికి ఏ దారిన చేరుతుంది, దారిలో ఎవరితో చిక్కుపడుతుంది, చిక్కుపడితే ఎవరు విడదీస్తారు అన్నవి అది చెప్పదు. నరాల జబ్బుల్లో తేడా వచ్చేది ఈ దారిలోనే. హార్విచ్ కూడా తర్వాతి రోజుల్లో కదలికల నరాలను చంపే ఏఎల్‌ఎస్ వైపు మళ్లి, ఆ జబ్బులో చెడు మడత పడే ఎస్‌ఓడీ1 అనే ప్రొటీన్‌ను పురుగుల్లో, ఎలుకల్లో వెంటాడారు.

ఈ పనిని స్వయంగా చదవాలనుకునే విద్యార్థులకు నా సలహా, సమీక్షా వ్యాసాలతో మొదలుపెట్టవద్దని. 1989 నాటి మిఫ్‌4 వ్యాసం, 1997 నాటి నెమ్మది గడియారం వ్యాసం, 2008 నాటి గుంపుల వ్యాసం, ఈ మూడూ ఇదే వరసలో చదవండి. ఫలితం ఎలాగూ తెలుసు కాబట్టి దాన్ని వదిలేసి, ప్రతి బొమ్మలోనూ పక్కనున్న పోలిక గీతల మీద దృష్టి పెట్టండి. మైటోకాండ్రియా పాడైందేమో అంటే ఒక గీత, పరాయి ప్రొటీన్ కాబట్టేమో అంటే ఒక గీత, బయట గుంపుకట్టాయేమో అంటే ఒక గీత ఉంటాయి. చదివేవాడికి రాబోయే అనుమానం రాసేవాడికి ముందే వచ్చి, దానికి జవాబు కొలిచి పెట్టిన తర్వాతే ఆ వ్యాసాలు అచ్చుకు వెళ్లాయి.